రెన్యువల్‌కి ముందు కొట్టించే కొత్త పెయింట్‌తో జాగ్రత్త

అద్దె ఇళ్లలో ఉంటూ అగ్రిమెంట్ రెన్యువల్ చేసుకోబోయేవాళ్లంతా ఇది ఒకసారి చదవండి. ఏడాదంతా "చేయిద్దాం లెండి" అంటూ దాటేసిన మా ఓనర్, గడువు దగ్గరపడగానే అడక్కుండానే పెయింటర్లని పంపించాడు. బాత్‌రూమ్‌కి ఆనుకున్న బెడ్‌రూమ్ గోడకి అప్పటికే మోకాలి ఎత్తు దాకా చెమ్మ ఎక్కింది. పెయింట్ పొక్కులు లేచి, వేలితో తాకితే పుట్టీ పొడిపొడిగా రాలేది. అంచుల్లో తెల్లగా ఉప్పు తేలింది. వచ్చినవాళ్లు బాత్‌రూమ్‌లోకి తొంగి కూడా చూడలేదు. పొక్కులు గీకి, పుట్టీ పట్టి, పైన రెండు కోట్లు వేసి సాయంత్రానికల్లా గోడని నున్నగా చేసి వెళ్లిపోయారు. ఆ రాత్రే ఓనర్ ఫోన్: "పని అయిపోయింది కదండీ, ఇక సంతకం పెట్టేయండి."

పాత అగ్రిమెంటే, తేదీలు మాత్రం మార్చామన్నారు. కానీ అందులో కొత్తగా ఒక వాక్యం చేరింది: ఇల్లు, ఫిట్టింగులు అన్నీ మంచి స్థితిలో ఉన్నట్టు అద్దెదారు చూసుకుని ఒప్పుకున్నారని. సంతకం పెట్టిన కొన్నాళ్లకి అదే గోడ అదే చోట మళ్లీ పొక్కులు లేచింది. ఫోన్ చేస్తే వచ్చిన జవాబు, "మీరు ఒప్పుకున్నప్పుడు బాగానే ఉంది, ఆ తర్వాత పాడైందంటే మీ వాడకం వల్లే." ఖాళీ చేసేటప్పుడు ఆ గోడ ఖర్చు మా అడ్వాన్స్‌లో కోస్తానన్నాడు. ఏళ్లనాటి లీకేజీ ఒక్క వాక్యంతో మా నెత్తిన పడింది.

పెయింట్‌తో చెమ్మ ఎందుకు పోదో తెలిస్తే ఈ నాటకం మీరు ముందే పసిగట్టవచ్చు. టైల్స్ సందుల్లోంచో, గోడలో ఉన్న పైపులోంచో వచ్చిన నీళ్లు ప్లాస్టర్‌లోని లవణాలను కరిగించి పైకి తెస్తాయి. నీళ్లు ఆరిపోయాక ఉప్పు మిగులుతుంది, అదే పెయింట్‌ని లోపలి నుంచి తోసేస్తుంది. నీళ్లొచ్చే దారి మూయకుండా పైన ఎంత ఖరీదైన పెయింట్ వేసినా చెమ్మ పక్కకో పైకో పాకుతుంది, అంతే. దారి మూశాక కూడా తడిసిన గోడ ఆరడానికి వారాలు పడుతుంది. కాబట్టి లీకేజీ ఆపడం, పెయింట్ వేయడం రెండూ ఒక్కరోజులో అయిపోయాయంటే నమ్మకండి. నిజానికి ఇందులో ఓనర్‌కీ నష్టమే, నీళ్లు లోపలి ఇనుప చువ్వల దాకా వెళ్తే ఆ తుప్పు బాగుచేయించడం పుట్టీ ఖర్చుతో పోయేది కాదు. చెబితే వింటేగా!

సంతకానికి ముందు మీరే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. అనుమానం ఉన్న చోట ప్లాస్టిక్ షీట్‌ని నాలుగు వైపులా టేప్‌తో గోడకి అంటించి రెండు రోజులు వదిలేయండి. షీట్ వెనక తడి చేరితే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు, గది వైపు చేరితే అది గాలిలోని తేమ. ఇంటికి విడిగా నీళ్ల మీటర్ ఉంటే అన్ని కుళాయిలూ కట్టేసి రీడింగ్ చూడండి, కదిలితే ఎక్కడో కారుతోంది. ఫ్లష్ ట్యాంక్‌లో కాస్త రంగు కలిపి అరగంట ఆగండి, ఫ్లష్ చేయకుండానే కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే లీక్ ఉన్నట్టే.

అన్నిటికన్నా ముఖ్యం, అడిగే సమయం. సంతకం పడేదాకా ఇల్లు ఖాళీ అయితే అద్దె పోతుందన్న భయం ఓనర్‌కి ఉంటుంది. పడ్డాక ఆ భయం పోతుంది, మీ ఫోన్ ఎత్తడం కూడా తగ్గుతుంది. పాత అగ్రిమెంట్‌లో నోటీసు గడువు ఎంతో, దానంతటదే రెన్యువల్ అయ్యే నిబంధన ఏమైనా ఉందో చూసుకుని, ఆ తేదీ దాటకముందే రిపేర్ల జాబితా రాసి పంపండి. ఫోన్‌లో ఒప్పుకున్నవి వెంటనే "మీరు ఇందాక చెప్పినట్టు..." అని మొదలుపెట్టి మెసేజ్ చేయండి. "మంచి స్థితిలో ఉంది" అన్న వాక్యం కొట్టించి, ఏ గోడకి ఏ లోపం ఉంది, ఎవరు ఏ తేదీలోగా చేయించాలి, చేయించకపోతే అద్దె ఎంత తగ్గుతుంది అన్నవి ఫోటోలతో సహా అగ్రిమెంట్‌కి జతచేయమనండి. "ఇవన్నీ ఎందుకండీ, మన మధ్య మాట లేదా?" అంటే, ఆ మాటే కాగితం మీద పెట్టమని అడగండి. ఒప్పుకోకపోతే గట్టిగా బేరం ఆడండి, లేదా వేరే ఇల్లు చూసుకోండి.

ఒళ్లు మండి మీరే రిపేర్ చేయించి అద్దెలో పట్టేసుకోవడం మాత్రం వద్దు. రాతపూర్వక ఒప్పందం లేకుండా అలా చేస్తే దాన్ని అద్దె బకాయి అని ఓనర్ వాదించవచ్చు. ఖాళీ చేయించడానికి ఓనర్‌కి మీరే సాకు ఇచ్చినట్టవుతుంది.

మా అడ్వాన్స్ సంగతి ఇంకా తేలలేదు. పెయింటర్లు రాకముందు తీసిన ఫోటోలు, అప్పట్లో మేం పంపిన మెసేజ్‌లు చూపించాక, గోడ ఖర్చు మొత్తం మాదే అన్న మనిషి సగానికి దిగాడు. ఆ సగం కూడా ఇచ్చేది లేదని రాసి పంపాం.