షెఫీల్డా, హాలమా?

ఇంగ్లండ్‌లో పెద్ద లీగ్‌లకు కింది స్థాయిలో ఆడే చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుల్లో పాత చరిత్ర కావాలంటే షెఫీల్డ్ నగరంలో పుట్టిన ఈ రెండూ చూడాలి. షెఫీల్డ్ ఎఫ్‌సి పుట్టింది 1857లో. ప్రపంచంలో ఇంకా ఆడుతున్న ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ఇదే పెద్దన్న. 2004లో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా దీనికి ‘ఆర్డర్ ఆఫ్ మెరిట్’ అనే గౌరవం ఇచ్చింది. అది దక్కిన మరో క్లబ్ రియల్ మాడ్రిడ్! అయితే సొంత ఊళ్లో గ్రౌండే లేదు. 2001 నుంచి పక్క కౌంటీలోని డ్రాన్‌ఫీల్డ్‌లో, ఒక పబ్ వెనక ఆడుతోంది. 2011లో తన పాత రూల్స్ పుస్తకాలను వేలంలో 8.8 లక్షల పౌండ్లకు అమ్మేసింది.

హాలమ్ మూడేళ్లు చిన్నది, 1860. పేరు తక్కువే గానీ, ఇప్పటికీ ఆడేది మొదట ఆడిన చోటే. ఆ చోటు, శాండీగేట్ మైదానం, బాగా ఏటవాలు, బంతి ఒకవైపే దొర్లుతుంది. 1860 డిసెంబర్ 26న ఈ రెండు క్లబ్బుల మధ్య తొలి మ్యాచ్ జరిగింది ఇక్కడే. షెఫీల్డ్ 2–0తో గెలిచింది. 1867లో హాలమ్ గెలిచిన యూడన్ కప్ అనే ఫుట్‌బాల్ పోటీ ట్రోఫీ ఎన్నో ఏళ్లు ఎవరికీ కనబడకుండా పోయి, 1997లో మళ్లీ క్లబ్‌కు చేరింది.

ఒక్క శనివారమే చేతిలో ఉంటే నేనైతే శాండీగేట్‌కే పోతాను. బిరుదుల గురించి ఇంట్లో కూర్చునైనా చదువుకోవచ్చు, ఆ వాలు మీద కార్నర్ కిక్ ఎలా వస్తుందో మాత్రం అక్కడే చూడాలి.