తక్‌పట్టీలో తెలుగు అక్షరం: లిబ్రే ఆఫీస్ మాక్రోలతో నాలుగు మిర్చి సీజన్లు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో నేను లెక్కలు చూస్తాను. 2021 చివరి నుంచి మా తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే అమ్మకం లెక్క చీటీలు), రైతుల ఖాతాలు, ఖరీదుదారుల బాకీలు అన్నీ లిబ్రే ఆఫీస్ క్యాల్క్ అనే స్ప్రెడ్‌షీట్‌లోనే నడుస్తున్నాయి. నాలుగు మిర్చి సీజన్లు దాటాయి, ఇప్పుడు ఐదో పత్తి సీజన్ నడుస్తోంది. నేను చదివింది బీకాం. ప్రోగ్రామింగ్ క్లాసుకు ఎప్పుడూ పోలేదు. దుకాణంలో పని పడింది కాబట్టి మాక్రోలు, అంటే రోజూ చేసే పనిని దానంతట అదే చేసే చిన్న ప్రోగ్రాములు, రాయడం నేర్చుకున్నాను. చిన్న ఆఫీసుల్లో కూర్చుని ‘రోజూ ఇదే పని చేత్తో ఎందుకు చేస్తున్నాం’ అనుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

అంతకుముందు మా దగ్గర ఒకరు రాసిచ్చిన సాఫ్ట్‌వేర్ ఉండేది. ఏటా డబ్బు కట్టాలి. హమాలీ రేటు మారినా, తక్‌పట్టీలో ఒక వరుస పెంచాలన్నా వాళ్లకు ఫోన్ చేసి ఎదురుచూడాలి. ఫిబ్రవరి, మార్చిలో యార్డు నిండా మిర్చి బస్తాలు ఉంటాయి. రైతు రాత్రంతా బండి మీద వచ్చి, కాంటా అయ్యాక మన ముందు నిలబడతాడు. అప్పుడు ‘రేపు మనిషి వస్తాడు’ అని ఆయనకు ఎలా చెప్తాం? అలా చెప్పాల్సి వచ్చిన ఒక రోజు తర్వాతే మా సేటు, ‘ఏదన్న నువ్వే చూడు’ అన్నాడు.

లిబ్రే ఆఫీస్ ఉచితం. సోర్స్ కోడ్ కూడా బయటే ఉంటుంది. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడిపోయి, ద డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ కింద నడుస్తోంది. అయితే నన్ను నిలబెట్టింది దాని ధర కాదు, 7.2 వెర్షన్‌లో వచ్చిన ఒక కిటికీ.

దాని పేరు డెవలప్‌మెంట్ టూల్స్. 2021 ఆగస్టులో 7.2తో వచ్చింది. టూల్స్ మెనూలో ఉంటుంది. నొక్కితే స్క్రీన్ కింది భాగంలో తెరుచుకుంటుంది. ఎడమ పక్క మన ఫైలు ఒక చెట్టులా కనపడుతుంది: షీట్లు, చార్టులు, స్టైల్స్. కుడి పక్క, మనం ఎంచుకున్న వస్తువుకు ఏ ప్రాపర్టీలు (గుణాలు) ఉన్నాయో, ఏ మెథడ్లు (చేయగల పనులు) ఉన్నాయో, వాటి విలువలు ఎంతో వరుసగా ఉంటాయి. కరెంట్ సెలెక్షన్ అనే బటన్ నొక్కి పెడితే, షీట్‌లో ఏ గడి మీద క్లిక్ చేస్తే ఆ గడి వివరాలే చూపిస్తుంది. ఇంతకుముందు ఇందుకోసం ఎక్స్‌రే, ఎంఆర్ఐ అనే ఎక్స్‌టెన్షన్లు (అదనపు ప్రోగ్రాములు) విడిగా దించుకోవాల్సి వచ్చేది. ఎంఆర్ఐ ఇప్పటికీ మంచిదే. కానీ నాలాంటి కొత్తవాళ్లకు అలాంటివి ఉన్నాయని కూడా తెలియదు. మెనూలోనే ఉంటే చేతికి తగులుతుంది.

నాకు అది పనికొచ్చిన మొదటి రోజు బాగా గుర్తుంది. ములుగు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తక్‌పట్టీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ‘బిడ్డా, గింత చిన్నగ అచ్చేసినవేంది? నాకు కనవడ్తలేదు’ అన్నాడు. ఆయన పక్కన నిలబడి చదివి వినిపించాను. ఆ శనివారం మార్కెట్ సెలవు. కూర్చుని మాక్రోలో ఒక లైను కలిపాను: గడి క్యార్ హైట్ (అక్షరాల సైజు) 16. ప్రింట్ తీస్తే అంకెలు పెద్దవయ్యాయి. ‘బస్తాలు’, ‘తూకం’, ‘దడ్వాయి’, ‘చెల్లించవలసినది’ అన్న తెలుగు మాటలు మాత్రం అప్పటి సైజులోనే ఉన్నాయి. నాలుగుసార్లు మార్చి చూశాను, కదల్లేదు. ఫాంట్ తేడా అనుకుని గౌతమి తీసేసి నోటో శాన్స్ తెలుగు పెట్టడానికి చూశాను. అదీ మారలేదు.

చివరికి డెవలప్‌మెంట్ టూల్స్ తెరిచి, ‘తూకం’ అన్న గడి మీద క్లిక్ చేసి, ప్రాపర్టీల జాబితా కిందికి జరుపుతూ పోయాను. క్యార్ హైట్ 16 అని ఉంది. దాని దగ్గర్లోనే క్యార్ హైట్ కాంప్లెక్స్ అని ఇంకొకటి ఉంది, దాని విలువ 10. ఇంకాస్త చూస్తే ఫాంట్ పేరుకూ, బోల్డ్‌కూ కూడా అలాగే కాంప్లెక్స్ అని విడిగా ఉన్నాయి. విషయం అప్పుడు అర్థమైంది. ఇంగ్లీష్ లాంటి లిపులకు ఒక సెట్టింగ్, తెలుగు, హిందీ, అరబిక్ లాంటి లిపులకు మరో సెట్టింగ్. తెలుగుకు వత్తులు, గుణింతాలు ఉంటాయి కాబట్టి దాన్ని కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కింద లెక్కేస్తారు. నేను ఇన్నిసార్లు మార్చింది ఇంగ్లీష్ అక్షరాల సైజు. కాంప్లెక్స్ దానికి 16 ఇచ్చాను, మాటలన్నీ ఒక్కసారిగా పెద్దవయ్యాయి. తెలుగులో మాక్రో రాసే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క విషయం ముందే తెలుసుకుంటే బోలెడు టైమ్ మిగులుతుంది. ఏ పుస్తకంలోనూ వెతకకుండా, నా ఫైలే నాకు ఈ సంగతి చూపించింది. ఈ సూట్ మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

రెండో సంగతి కూడా తెలుగుతోనే ముడిపడి ఉంది. అంతకుముందు నేను వాడిన వేరే ఆఫీస్ సూట్‌లో మాక్రో రాసే కిటికీలో తెలుగు టైప్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలే వచ్చేవి. ఒక్కో అక్షరానికి యూనికోడ్ నంబర్ రాసుకుని, వాటిని అతికించి మాట తయారు చేయాల్సి వచ్చేది. లిబ్రే ఆఫీస్‌లో మాక్రోలు రాసే భాష బేసిక్. దాని ఎడిటర్‌లో కొటేషన్ల మధ్య ‘రైతు పేరు’ అని రాస్తే అది ‘రైతు పేరు’ గానే ఉంటుంది. మెసేజ్ బాక్స్‌లోనూ అలాగే వస్తుంది. ఇది కొత్త ఫీచర్ కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. అయినా చెప్పకుండా ఉండలేను.

దీనివల్లే నేను మొత్తాన్ని మాటల్లో రాసే ఫంక్షన్ చేసుకోగలిగాను. తక్‌పట్టీ మీద 1,42,385 అని అంకెల్లో ఉంటే సరిపోదు, ‘ఒక లక్షా నలభై రెండు వేల మూడు వందల ఎనభై ఐదు రూపాయలు’ అని మాటల్లో ఉండాలి. రైతుకు అదే ధైర్యం. తెలుగులో ఇది అంత సులువు కాదు. 100 అయితే వంద, 150 అయితే నూట యాభై. ‘వంద యాభై’ అని ఎవరూ అనరు. 1,000 వెయ్యి అవుతుంది, 2,000కి వచ్చేసరికి రెండు వేలు అవుతుంది, దాని పక్కన రూపాయలు చేరగానే రెండు వేల రూపాయలు అవుతుంది. ఒంటి లక్ష అయితే ‘లక్ష రూపాయలు’ చాలు, దాని వెనక ఇంకేమైనా ఉంటే ‘ఒక లక్షా’ అని సాగదీయాలి. సున్నా నుంచి తొంభై తొమ్మిది వరకు వంద మాటలు ఒక అర్రేలో (విలువల వరుసలో) పెట్టి, పై స్థానాలకు విడివిడిగా షరతులు రాశాను. రెండు వారాంతాలు పట్టింది. ఇప్పుడు గడిలో మామూలు ఫార్ములా రాసినట్టే ఆ ఫంక్షన్ పేరు రాసి, బ్రాకెట్‌లో మొత్తం ఉన్న గడి ఇస్తే చాలు. ఒక్క జాగ్రత్త: ఇలా గడిలో వాడే ఫంక్షన్‌ను స్టాండర్డ్ అనే లైబ్రరీలో (మాక్రోలు దాచే అరలో) ఉంచడం మేలు. వేరే లైబ్రరీలో పెడితే, దాన్ని ముందు లోడ్ చేసుకుంటే తప్ప గడికి దొరకదు.

ఇక స్క్రిప్ట్‌ఫోర్జ్. మాక్రోలు సులువుగా రాయడానికి ముందే సిద్ధం చేసి ఇచ్చిన కోడ్ లైబ్రరీ ఇది. 7.1తో బేసిక్‌కు, 7.2తో మాక్రోలు రాయగల మరో భాష పైథాన్‌కు వచ్చింది. లిబ్రే ఆఫీస్ లోపల ఉన్న యూనో అనే వ్యవస్థ బలమైనదే కానీ, దాని పేర్లు పొడుగు, దారి చుట్టు. ఒక ఫైలు తెరవడానికే అరడజను లైన్లు. స్క్రిప్ట్‌ఫోర్జ్ ఆ పనులను చిన్న మాటల్లోకి తెచ్చింది. గడి విలువ తీసుకోవడానికి గెట్ వాల్యూ, రాయడానికి సెట్ వాల్యూ, సెట్ అర్రే లాంటివి ఉంటాయి. షీట్‌లోని ఒక భాగాన్ని మాత్రమే పీడీఎఫ్‌గా తీయడానికి ఎక్స్‌పోర్ట్ రేంజ్ టు ఫైల్ ఉంది. బేసిక్‌లో నేర్చుకున్న పేర్లే పైథాన్‌లోనూ పనిచేస్తాయి, కాబట్టి ఒకటి నేర్చుకున్న కష్టం రెండోదానికీ పనికొస్తుంది. సాయంత్రం యార్డు ఖాళీ అయ్యాక రైతువారీగా పీడీఎఫ్‌లు చేసి ఫోల్డర్‌లో పెట్టే పని నేను పైథాన్‌తోనే చేయిస్తున్నాను.

వేగం గురించి ఒక మాట. మొదట్లో నేను ఒక్కో గడికి ఒక్కో విలువ రాసేవాడిని. రద్దీ రోజున వందల వరుసలు ఉంటే కళ్ల ముందే ఒక్కో గడి నిండుతూ కూర్చునేది. అర్రే మొత్తం మెమరీలో తయారుచేసుకుని ఒకేసారి షీట్‌లో దించడం నేర్చుకున్నాక రెప్పపాటులో అయిపోతోంది. సాఫ్ట్‌వేర్ నెమ్మది అని తిట్టుకునే ముందు మన కోడ్ ఎలా రాశామో చూసుకోవాలి.

24.8 వెర్షన్ నాకు చాలా కోడ్ తగ్గించింది. 2024 నుంచి వెర్షన్ నంబర్లు ఏడాది, నెల ప్రకారం ఇస్తున్నారు, కాబట్టి 24.8 అంటే 2024 ఆగస్టు. అందులో ఎక్స్‌లుకప్, ఫిల్టర్, సార్ట్, యునీక్, లెట్ అనే ఫార్ములా ఫంక్షన్లు వచ్చాయి. రైతు పేరు కొడితే ఊరు, ఫోన్ నంబర్ తెచ్చే మాక్రో, ఖరీదుదారుల పేర్లు ఒక్కొక్కటి ఒకేసారి వచ్చేలా తీసే మాక్రో, డబ్బు అందని రైతుల జాబితా తీసే మాక్రో, మూడింటినీ తుడిచేశాను. వాటి స్థానంలో మూడు ఫార్ములాలు. 25.8లో వచ్చిన వీస్టాక్ నెలవారీ షీట్లను ఒకదాని కింద ఒకటి పేర్చి ఇస్తుంది, సీజన్ చివర లెక్క తేల్చడానికి అది ఎంతో సాయం. ఇవి వాడిన ఫైలును పాత వెర్షన్ ఉన్న మిషన్‌లో తెరిస్తే ఆ గడుల్లో ఎర్రర్ రావచ్చు. పంపే ముందు అవతలివాళ్ల దగ్గర ఏముందో అడగండి.

నా చేతులారా జరిగిన నష్టం కూడా చెప్పాలి. ఆడిటర్ గారికి పంపాలని ఒకసారి ఫైలును ఎక్సెల్ రకం ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేశాను. హెచ్చరిక వస్తే చదవకుండా ఓకే నొక్కాను. ఆ రకం ఫైలులో మాక్రోలు ఉండవు. మూసి మళ్లీ తెరిస్తే రెండు రోజులుగా రాసిన కోడ్ లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటినుంచి పని ఫైలు ఎప్పుడూ లిబ్రే ఆఫీస్ సొంత రకమైన ఓడీఎస్‌లోనే. మాక్రోలన్నీ ఫైలులో కాకుండా, మిషన్‌లోనే ఉండే మై మాక్రోస్ అనే చోట ఉంచి, వారానికోసారి వాటిని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పెడుతున్నాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పైథాన్ రాయడానికి సూట్‌లోనే ఎడిటర్ లేకపోవడం నాకు పెద్ద వెలితి. బయట ఎడిటర్‌లో రాసి సరైన ఫోల్డర్‌లో పెట్టుకోవాలి, లేదా యాప్సో అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. బేసిక్ ఎడిటర్‌లో కోడ్ పూర్తిచేసే సదుపాయం ఉన్నా, అది ప్రయోగాత్మక ఫీచర్లు ఆన్ చేస్తే తప్ప నాకు కనపడలేదు. మనం చేసే పనిని చూసి కోడ్‌గా రాసే మాక్రో రికార్డర్ కూడా మొదట ఆపేసి ఉంటుంది. ఆన్ చేసినా అది రాసే కోడ్ చూసి నేర్చుకోవడం కష్టం. దాన్ని నమ్ముకుని మొదలుపెట్టవద్దని నా సలహా.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. మాక్రో నడవడం లేదని చాలామంది మాక్రో సెక్యూరిటీని ‘లో’ (తక్కువ) అని మార్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మన దుకాణాల మిషన్లలో బ్యాంకు ఖాతాల నంబర్లు, రైతుల ఫోన్లు ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఫైలూ అదే మిషన్‌లో తెరుస్తాం. ‘హై’ (ఎక్కువ) అలాగే ఉంచి, మీ పని ఫోల్డర్ ఒక్కదాన్ని నమ్మకమైన చోటుగా చేర్చండి. రెండు నిమిషాల పని.

ప్రస్తుతం నా ముందున్న సమస్య కాంటా దగ్గరి మిషన్. అందులో ఇంకా విండోస్ 7 ఉంది. 25.8 నుంచి లిబ్రే ఆఫీస్ విండోస్ 7, 8, 8.1 మీద నడవదు. 25.2తో దాన్ని నెట్టుకొస్తున్నాను, కానీ వీస్టాక్ అక్కడ పనిచేయదు కాబట్టి రెండు మిషన్లకు రెండు ఫైళ్లు పెట్టాల్సి వస్తోంది. కొత్త మిషన్ కొనమని సేటును అడగడం కంటే, అందులోనే లినక్స్ వేసి చూద్దామనుకుంటున్నాను. హనుమకొండలో ఒక మిత్రుడు ఈ ఆదివారం వస్తానన్నాడు. ప్రింటర్ పలుకుతుందా, తెలుగు కీబోర్డ్ సరిగా కూర్చుంటుందా అన్నవి ముందు తేలాలి. జనవరిలో కొత్త మిర్చి దిగేలోపు ఆ మిషన్ మీద ఒక్క తక్‌పట్టీ అయినా తీసి చూసుకోవాలి.