బొమ్మ తెరచాప పడవకు చక్కని మరమ్మతు

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర చెక్క పడవలు బాగుచేసే ఒక వడ్రంగి, చిన్నప్పుడు మా నాన్నగారు కొనిచ్చిన బొమ్మ తెరచాప పడవను ఎంతో శ్రద్ధగా మరమ్మతు చేశారు. పాత రంగునంతా గీకేయకుండా, పెచ్చులూడిన చోట మాత్రమే గరుకు కాగితంతో రుద్ది, అడుగున విచ్చిన పగులును టేకు పొట్టు కలిపిన జిగురుతో పూడ్చి, అది పూర్తిగా ఆరాకే వార్నిష్ పూశారు. ఏటికొప్పాక బొమ్మల్లాగా లక్క పూత వేయించాలన్నది నా కోరిక. అయితే లేతు మీద తిరిగే అంకుడు కర్రకు రాపిడి వేడితోనే లక్క కరిగి పడుతుందని, పడవ ఆకారానికి అది కుదరదని ఆయన ఓపికగా వివరించారు. తెరచాపకు నూలు గుడ్డ బదులు నైలాన్ వాడడం నాకు నచ్చలేదు, కానీ అడగగానే మార్చారు. తొట్టిలో వదిలితే పడవ ఇప్పుడు ఒరగకుండా తేలుతోంది. మజూరీ కాస్త ఎక్కువే. పడవలు చేపల వేటకు వెళ్లని విరామ కాలంలో ఆయనకు పెద్ద పడవల పని ఉంటుంది కనుక ముందుగా అడిగి వెళ్లడం మంచిది.