సాగర్ లాంచీయా, సోమశిల లాంచీయా? ఇంటిల్లిపాదితో కృష్ణ మీద

లాంచీ అంటే మా మిర్యాలగూడ వైపు ఎవరిని అడిగినా సాగర్ పేరే చెప్తారు. గంటలో చేరొచ్చు, చుట్టాలొచ్చినా అక్కడికే తీసుకెళ్తాం. కానీ ఇంట్లో వాళ్ళంతా కలిసి ఒక పూటంతా నీళ్ళ మీద గడపాలంటే మాత్రం నా ఓటు కొల్లాపూర్ దగ్గరి సోమశిలకే. మోకాళ్ళ నొప్పుల అత్తమ్మ, ఫోన్ వదలని పెద్దది, ఒక్కచోట కుదురుగా కూర్చోని చిన్నోడు, సిగ్నల్ పోతే బెంగపెట్టుకునే మా ఆయన. వీళ్ళందరినీ ఒకేసారి మెప్పించడం మాటలు కాదు.

ముందు సాగర్ సంగతి. హిల్ కాలనీ వైపు నుంచి నాగార్జునకొండకు లాంచీలు వెళ్తాయి. పోవడానికి దాదాపు గంట, రావడానికి ఇంకో గంట. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశాక, ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయంతా మునుగుతుందని తవ్వకాలు జోరుగా జరిపి, దొరికిన శిల్పాలను కొండ మీద మ్యూజియంలో పెట్టారు. మునిగిపోయే కట్టడాలు కొన్నింటిని ఊడదీసి పైన మళ్ళీ కట్టారు. సున్నపురాయి పలకల మీద బుద్ధుడి కథలు ఎంత సన్నగా చెక్కారంటే మా పెద్దది ఫోన్ జేబులో పెట్టేసి ఒక్కో పలక దగ్గర ఆగిపోయింది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. దిగాక కొంత ఎక్కుడు ఉంది. అత్తమ్మ సగం దారిలో చెట్టు నీడన కూర్చుని "మీరు పోయి రాండ్రి బిడ్డా, నేను నీళ్ళు చూస్తా" అంది. లాంచీ టైముకి తిరిగి రావాలి కాబట్టి లోపల చూసే వాళ్ళకి ఎప్పుడూ తొందరే.

ఉండటానికి టూరిజం వాళ్ళ విజయవిహార్ బాగుంటుంది, జలాశయం వైపు గది దొరికితే ఇంకా మంచిది. 2022లో తెరిచిన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం కూడా అక్కడే. 274 ఎకరాలు. ఎండలో పిల్లలతో తిరగడం కష్టం, సాయంత్రం వెళ్ళండి. సాగర్ నుంచి శ్రీశైలం దాకా కూడా లాంచీ నడుపుతారు, ఐదారు గంటలు పడుతుంది. అయితే నీళ్ళుండాలి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. వానాకాలం వెళ్ళాక పేపర్లో రోజూ వేసే మట్టాలు చూసుకుంటూ ఉంటే లాంచీ నడిచేన్ని నీళ్ళున్నాయో లేదో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు సోమశిల. దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ చేరాం. మామిడికి పేరున్న ఊరు, మేం వెళ్ళింది మామిడి కాలం కాకపోవడం మా చిన్నోడికి పెద్ద లోటు. అక్కడికి దగ్గర్లోనే నది ఒడ్డున సోమశిల. లాంచీ పొద్దున్నే కదులుతుంది కాబట్టి ముందు రోజే చేరి రాత్రి అక్కడే ఉండటం మేలు. ఒడ్డున టూరిజం కాటేజీలున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునగకుండా తరలించి కట్టిన లలితా సోమేశ్వర గుడి నడిచే దూరంలో ఉంది. అత్తమ్మ దర్శనం అయ్యింది, ఇక మాకు ఏ గొడవా లేదు.

సోమశిల నుంచి శ్రీశైలం దాకా లాంచీలో ఆరేడు గంటలు. మొదట నది సముద్రంలా పరుచుకుని ఉంటుంది, మధ్యలో చిన్న చిన్న దిబ్బలు. తర్వాత నల్లమల రెండు వైపులా దగ్గరికొస్తుంది. ఎడమ పక్క మన అమ్రాబాద్ అడవి, కుడి పక్క ఆంధ్ర. ఫోన్లు పని చేయవు. మా ఆయన కాసేపు ఫోన్‌ని గాల్లో ఊపి, ఇక లాభం లేదని చిన్నోడితో అష్టాచెమ్మా మొదలుపెట్టాడు. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది అదే.

ఒకచోట పుట్టిలో చేపలు పట్టే అతను ఎదురొచ్చాడు. అల తగిలి పుట్టి తిరగబడకుండా లాంచీ నడిపే సరంగు ఇంజిన్ జోరు తగ్గించాడు. అతను చేతిలో చేప ఎత్తి చూపించాడు.

"ఏం చేప బిడ్డా?" అంది అత్తమ్మ కిటికీలోంచి.

"బొచ్చె, అవ్వా!"

"ఎంతకిస్తవ్?"

అతను ఏదో చెప్పాడు, వినిపించలేదు. లాంచీ ఆగలేదు, అత్తమ్మ బేరమూ ఆపలేదు.

పక్క సీట్లో కొల్లాపూర్ పెద్దాయన నీళ్ళ వైపు చెయ్యి చూపి "గీడనే మా ఊరుండె" అన్నాడు. శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా ఊళ్ళు మునిగాయి. మా పెద్దది ఆయన్ని బడి గురించి, బావుల గురించి అడుగుతూనే ఉంది.

సోమశిలకి ఎదురుగా, ఆంధ్ర వైపు సప్తనదీ సంగమం దగ్గర సంగమేశ్వర గుడి ఉంది. అందులో లింగం వేప చెక్కది. ఏడాదిలో ఎక్కువ భాగం గుడి నీళ్ళలోనే ఉంటుంది, మట్టం బాగా తగ్గితేనే బయటపడుతుంది. గుడి కావాలంటే ఎండాకాలం, లాంచీ కావాలంటే వానల తర్వాత. రెండూ ఒకేసారి కుదరవు.

సోమశిల చుట్టుపక్కల చిన్న పడవల వాళ్ళు కూడా పిలుస్తారు. మేం ఎక్కబోయిన ఒకదాంట్లో లైఫ్ జాకెట్ల బకిళ్ళు విరిగి ఉన్నాయి, చిన్నోడి సైజుది అసలే లేదు. దిగేశాం. ఈ నదిలో 2007 జనవరిలో సింగోటం జాతర నుంచి తిరిగి వెళ్తున్న జనం ఎక్కిన పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. మొహమాటపడొద్దు, జాకెట్ మీరే కట్టుకుని గుంజి చూసుకోండి.

లాంచీలో తిండి సంగతి బుక్ చేసేటప్పుడే అడగండి. మేం పులిహోర, సకినాలు తీసుకెళ్ళాం, అవే ముందు ఖాళీ అయ్యాయి. బాత్రూం ఉందో లేదో కూడా అడగాల్సిందే, పెద్దవాళ్ళుంటే అంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు. శ్రీశైలంలో మేం దిగిన లాడ్జి ఫోన్లో చెప్పిన రేటు ఒకటి, కౌంటర్లో అడిగింది ఇంకొకటి. ముందే మెసేజ్‌లో రాయించుకోండి. పండుగ రోజుల్లో అసలు పోకండి.

శ్రీశైలం నుంచి తిరుగు ప్రయాణం రోడ్డు మీదైతే నల్లమల అడవిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు. అందుకని దర్శనం, లాంచీ రెండూ ఒకే రోజులో ఇరికించొద్దు. రాత్రి అక్కడే పడుకుని, తెల్లారాక టిఫిన్ చేసి మన్ననూర్ మీదుగా తీరిగ్గా రండి.