కనబడని శత్రువు, ఎర్రమట్టి మీద అడుగులు: 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ సమీక్ష

తలా ఒక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు 2024 సెప్టెంబరులో వచ్చిన కొత్త నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో 384 పేజీలున్నాయి. వాటన్నిటి గురించీ నేను మాట్లాడబోవడం లేదు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు ఈ ఆట సాగుతుంది, డీఎంగా, అంటే కథ నడిపి తీర్పులిచ్చేవాడిగా, కూర్చునేది నేనే. పోరాటం మధ్యలో ఎవరైనా మాయమయ్యారంటే చాలు, పాచికలు పక్కకు పోయి వాదన మొదలయ్యేది. ఆ ఒక్క చిక్కును కొత్త పుస్తకం ఎంతవరకు విప్పిందన్నదే ఈ సమీక్షకు విషయం. 2014 నాటి పుస్తకం చేతిలో ఉండి, కొత్తది కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవారికి ఇది పనికివస్తుందని అనుకుంటున్నాను.

ఆట తెలియనివారి కోసం ముందుగా కొంత చెప్పాలి. దాడి చేసేవారు ఇరవై ముఖాల పాచిక వేసి, దానికి తమ నైపుణ్యపు అంకెను కలిపి, ఎదుటివాడి కవచపు సంఖ్యను అందుకోవాలి. అడ్వాంటేజ్ ఉంటే రెండు పాచికలు వేసి పెద్ద అంకెను, డిసడ్వాంటేజ్ ఉంటే చిన్న అంకెను తీసుకుంటారు. కనబడనివాడిని కొట్టేవారికి డిసడ్వాంటేజ్, తాము కనబడకుండా కొట్టేవారికి అడ్వాంటేజ్. కవచం 15 ఉన్నవాడి మీద 5 కలుపుకుని దెబ్బ వేసే యోధుడికి మామూలుగా 55 శాతం అవకాశం ఉంటుంది. ఎదుటివాడు మాయమైతే అది సుమారు 30 శాతానికి పడిపోతుంది, తానే మాయమై కొడితే దాదాపు 80 శాతానికి పెరుగుతుంది. ఈ లెక్క పాత పుస్తకంలోనూ కొత్త పుస్తకంలోనూ ఒకటే, దీనిమీద మా బల్ల దగ్గర ఎన్నడూ గొడవ రాలేదు.

గొడవంతా లెక్కకు ముందు వచ్చే ప్రశ్న దగ్గరే ఉంది. శత్రువు కనబడటం లేదన్నది ఒక సంగతి, ఎక్కడున్నాడో తెలియదన్నది మరొక సంగతి. ఇంద్రజిత్తు మాయమై బాణాలు కురిపించిన కథ విన్నవారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. విలుకాడు కనబడకపోయినా బాణం వచ్చిన దిక్కు తెలుస్తూనే ఉంటుంది. ఆటలో కూడా దాగి ఉన్నవాడు దాడి చేస్తే, దెబ్బ తగిలినా తగలకపోయినా, అతడున్న చోటు బయటపడుతుంది. అయితే దాడి చేసిన తరువాత కదిలినవాడి మాటేమిటి? తన వంతు వచ్చినప్పుడు ముప్పై అడుగుల దూరం నడవగలవాడు, అంటే మా గళ్ళ పటం మీద ఆరు గడులు కదలగలవాడు, అన్ని దిక్కులూ కలిపి 169 గడులలో ఎక్కడైనా ఉండవచ్చు. వాటిలో ఒక గడిని ఊహించి కొట్టడమంటే చీకట్లో బాణం వేయడమే, ఊహ తప్పితే పాచిక మీద ఎంత పడినా దెబ్బ తగలదు.

కొత్త పుస్తకం చేసిన మేలు ముందు చెప్పాలి. పాత నియమాలలో సీ ఇన్విజిబిలిటీ అనే మంత్రం ఉంది, మన అంజనం లాంటిది. అది వేసుకున్నవారికి మాయమైనవారు కనబడతారు. కానీ మాయస్థితి గురించి 2014 పుస్తకంలో రాసిన రెండో అంశాన్ని అక్షరాలా చదివితే, మాయమైనవాడిని మనం చూడగలుగుతున్నా డిసడ్వాంటేజ్ తొలగిపోదు. ఆ అంశం చదివి వినిపించిన రోజున మా మంత్రగాడి పాత్రధారి, “అన్నా, ఇంతకీ నేను పెట్టుకున్నది అంజనమా, కాటుకా?” అని అడిగాడు, నా దగ్గర జవాబు లేదు. 2024 పుస్తకం ఈ తప్పును శుభ్రంగా సరిదిద్దింది: మాయమైన మిమ్మల్ని ఎదుటివాడు ఏ విధంగానైనా చూడగలిగితే, అతడి విషయంలో మీకు మాయమైన లాభం ఉండదని స్పష్టంగా రాసింది. పోరాటం మొదలయ్యేసరికి మాయమై ఉన్నవారికి ఎవరి వంతు ముందో తేల్చే ఇనిషియేటివ్ పాచికలో అడ్వాంటేజ్ ఇవ్వడం కూడా నాకు నచ్చింది. ఈ రెండింటి వల్లా మా వాదనలలో సగం తగ్గాయి.

తక్కిన సగం మాత్రం అలాగే ఉండిపోయింది, నిజం చెప్పాలంటే కాస్త పెరిగింది కూడా. పాత పుస్తకంలో మాయస్థితి వివరణలోనే, మాయమైనవాడు చేసే శబ్దాన్ని బట్టీ, వదిలిన జాడలను బట్టీ అతడున్న చోటును కనిపెట్టవచ్చని ఒక చిన్న వాక్యం ఉండేది. కొత్త పుస్తకంలోని వివరణలో ఆ వాక్యం లేదు. అది ఎంత విలువైనదో నాకు మా ఎర్రమట్టి దిబ్బల కథలో తెలిసింది. భీమిలి దారిలోని దిబ్బలను మనసులో పెట్టుకుని నేను ఒక కథా స్థలం తయారు చేశాను: నీళ్ళు కోసిన లోయలు, మెత్తటి ఎర్ర ఇసుక, దొంగ సరుకుతో పారిపోతున్న ఒక వ్యాపారి. అతడు మాయమయ్యే రసాయనం తాగాడు. పాత నియమాలతో ఆడినప్పుడు మా వాళ్ళు ఇసుక మీద ఒక్కొక్కటిగా పడుతున్న అడుగులను చూస్తూ వెంటపడ్డారు. ఒకరు అడుగుల ముందు గడిని గురిపెట్టారు, ఇంకొకరు లోయ మొదట్లో వల పరచి కూర్చున్నారు. నేను నడిపిన ఆటల్లో అంత బాగా కుదిరిన వేట మరొకటి లేదు. అదే కథను కొత్త పుస్తకంతో వేరే బృందానికి నడిపినప్పుడు, వ్యాపారి తరఫున వాదిస్తున్నట్టుగా ఒక ఆటగాడు పుటలు తిప్పి, జాడల ప్రస్తావన ఇక్కడ ఎక్కడుందని నిలదీశాడు. ముందే చూసుకోకపోవడం నా లోపమే. ఇసుక మీద నడిస్తే అడుగు పడుతుందని చెప్పడానికి పుస్తకం అక్కరలేదని తీర్పు ఇచ్చి ఆట కొనసాగించాను, కాని ఒక్క వాక్యం ఉండి ఉంటే పది నిమిషాలు మిగిలేవి.

దీనికి తోడు నక్కి ఉండటాన్నీ మాయమవడాన్నీ కొత్త పుస్తకం ఒకే స్థితిగా కలిపేసింది. పీపా వెనకో, దట్టమైన పొగలోనో శత్రువు చూపు పడని చోట దాక్కుని, నక్కే నేర్పును తేల్చే స్టెల్త్ పాచికలో 15 తెచ్చుకున్నవారికి ఇన్విజిబుల్ స్థితి, అంటే మాయస్థితి, వస్తుంది. గుసగుసను మించిన శబ్దం చేసినా, దాడి చేసినా, నోటితో పలికే మంత్రం వేసినా, శత్రువు కనిపెట్టినా అది పోతుంది. 15 అనే స్థిరమైన అంకె ఉండటం నాలాంటి డీఎంలకు హాయిగానే ఉంది. కానీ మంత్రంతో గాలిలో కలిసిపోయినవాడికీ, ఊపిరి బిగబట్టి పీపా వెనక కూర్చున్నవాడికీ ఒకే పేరు పెట్టడం వల్ల, చాటునుంచి బయటికి వచ్చి ఇంకా ఎవరి కంటా పడని దొంగను కూడా అక్షరార్థంలో అంజనమే పట్టిస్తుంది. పైగా మంత్రంతో ముందే మాయమైనవాడు మళ్ళీ నక్కితే అదనంగా ఏమి లాభమో డీఎం తేల్చుకోవలసిందే. ఈ విషయంలో ఇలాంటిదే అయిన మరో ఆట పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ మెరుగని నా అభిప్రాయం: గడి తెలిసి మనిషి కనబడకపోవడానికి ఒక పేరు, గడి కూడా తెలియకపోవడానికి ఇంకో పేరు పెట్టి, మొదటి దానికి దెబ్బకు ముందు 11 గాని అంతకు మించి గాని పడవలసిన ఒక పాచికను విధించారు.

పుస్తకం వదిలేసిన చోట మేము చేసుకున్న ఏర్పాట్లు ఇవి. నా తెర వెనక గళ్ళ నోటుబుక్కులో పటానికి నకలు ఉంటుంది, మాయమైనవాడి నిజమైన చోటు అందులోనే పెన్సిలుతో గుర్తిస్తాను. బల్ల మీది పటంలో అతడు చివరిసారి బయటపడిన గడిలో ఆర్కే బీచ్‌లో కొన్న ఒక గవ్వ ఉంచుతాము. ఆటగాళ్ళే మాయమైనప్పుడు నాకు వేరే కష్టం ఉంది, ఎందుకంటే వారెక్కడున్నారో నాకు తెలుసు, నా రాక్షసులకు తెలియకూడదు. అందుకని ఎనిమిది ముఖాల పాచిక వేసి ఏ దిక్కుకు దెబ్బ విసరాలో దానికే వదిలేస్తాను. ఊహ తప్పినప్పుడు అది చెప్పకుండా దెబ్బ తగలలేదని మాత్రమే అనాలన్నది పాత పుస్తకపు సలహా. రెండు పాచికలమీదా 18 దాటి పడ్డాక తగలలేదంటే ఎవరికైనా అర్థమైపోతుంది కాబట్టి, కత్తి ఖాళీ గాలిని కోసిందని నేను పైకే చెప్పేస్తాను. ఇంకొకటి, కనబడనివాడు పక్కనుంచి జారుకుంటే ఆపర్చునిటీ దాడి, అంటే జారుకునేవాడి మీద వెంటనే వేసే దెబ్బ, వేయడానికి వీలు లేదు, ఈ నియమాన్ని మా వాళ్ళు తరచు మరచిపోతారు.

ఈ ఒక్క విషయానికే మార్కులు వేయమంటే ఐదింటికి మూడు వేస్తాను. కొనేముందు ఖర్చు లేకుండా చూసుకునే దారి ఉంది: రెండు తరాల నియమాల సారమూ ఎస్ఆర్‌డీ (సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్) 5.1, 5.2 పేర్లతో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది, మాయస్థితి వివరణలు రెండింటిలోనూ ఉన్నాయి. నేను మాత్రం కొత్త పుస్తకం చివర ఉన్న పదకోశంలో ఇన్విజిబుల్ అనే మాట పక్కన, శబ్దం, జాడల గురించిన పాత వాక్యాన్ని తెలుగులో పెన్సిలుతో రాసిపెట్టుకున్నాను.