రౌండుకి 12 సెంట్లు మిగులుతాయని స్టీల్ కేస్ తూటాలు కొంటున్నారా? ముందు ఇది చదవండి

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో శనివారం పొద్దున షూటింగ్ రేంజ్‌కి (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటు) వెళ్లే అలవాటు బాగా పెరిగింది. అందులో చాలామంది చౌక చూసుకుని ఆన్‌లైన్‌లో తూటాలు పెట్టెలకి పెట్టెలు తెప్పించుకుంటున్నారు. నేనూ అదే పని చేసి చేతులు కాల్చుకున్నాను. అమ్మినవాళ్ల పేరు, తయారుచేసినవాళ్ల పేరు రాయడం లేదు. ఎందుకు రాయలేకపోతున్నానో కిందకి వస్తే మీకే తెలుస్తుంది, తప్పు కొంత నాదే.

నాది ఏఆర్-15 రైఫిల్. .223 రెమింగ్టన్, 5.56 అనే రెండు రకాల తూటాలూ పేల్చగల చాంబర్ (తూటా కూర్చునే గది) దానిది. నెలకోసారి వెళ్లి కాగితం టార్గెట్ మీద ఓ రెండొందల రౌండ్లు, అంటే తూటాలు, కాలుస్తాను, అంతకన్నా పెద్ద సరదా ఏమీ లేదు. ఆ రోజు ఇత్తడి కేసుది రౌండు 45 సెంట్లు ఉంటే, సేల్‌లో స్టీల్ కేసుది 33 సెంట్లు. వెయ్యి రౌండ్లకి 120 డాలర్లు మిగులు! మా ఆవిడకి లెక్క చెప్పి మరీ ఆర్డర్ పెట్టాను. ఇప్పుడు ఆ లెక్క ఎత్తినప్పుడల్లా తల దించుకుంటున్నాను.

సేల్ పేజీలో ఉన్నది "55 గ్రెయిన్, ఎఫ్‌ఎమ్‌జే, పాలిమర్ కోటింగ్ స్టీల్ కేస్" అని. గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత, ఎఫ్‌ఎమ్‌జే అంటే లోహపు తొడుగున్న బుల్లెట్. ఇక్కడే మొదటి మెలిక. స్టీల్ కేస్ అంటే పేలుడు మందునీ, దాన్ని అంటించే ప్రైమర్‌నీ పట్టి ఉంచే గుల్ల ఇత్తడికి బదులు ఉక్కుతో చేశారని. అది పేలాక రైఫిల్లోంచి బయటికొచ్చి నేల మీద పడేది. ముందుకి దూసుకుపోయే బుల్లెట్ సంగతి వేరు. దాని తొడుగు మామూలుగా రాగి మిశ్రమం. చౌక సరుకులో మాత్రం ఆ తొడుగు కూడా తరచుగా ఉక్కుతోనే చేసి, పైన పల్చగా రాగి పూస్తారు. దాన్ని బై-మెటల్ జాకెట్ అంటారు. చూడ్డానికి రాగిలాగే మెరుస్తుంది, కంటికి తేడా తెలియదు. ఇవి రెండూ కాకుండా స్టీల్ కోర్ అని మూడోది ఉంది, బుల్లెట్ లోపల ఉక్కు ముక్క పెట్టేది. ఈ మూడూ వేర్వేరు. నేను కొన్నప్పుడు నాకు మొదటిది మాత్రమే తెలుసు. బై-మెటల్ అన్న మాట ఆ పేజీలో ఎక్కడా లేదు.

పెట్టె రాగానే ఇంటికి దగ్గర్లోని ఇండోర్ రేంజ్‌కి వెళ్లాను. లేన్‌కి డబ్బు కట్టాను, కళ్లద్దాలు, చెవులకి మఫ్‌లు పెట్టుకున్నాను. అక్కడి కుర్రాడు జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి నా రౌండు ముక్కుకి ఆనించాడు. టక్కున అతుక్కుంది. "సార్, ఇది ఇక్కడ కుదరదు" అన్నాడు. ఉక్కు తొడుగు బుల్లెట్ వెనకాల గోడ పలకల్ని తొందరగా పాడుచేస్తుంది. తగిలినప్పుడు నిప్పురవ్వలు లేస్తాయి, నేల మీద కాలని మందు రేణువులు పడి ఉంటే అంటుకోవచ్చు. పైగా రేంజ్ వాళ్లు ఖాళీ ఇత్తడి ఊడ్చి అమ్ముకుంటారు, అందులో ఉక్కు కలిస్తే ఏరుకోవడం వాళ్లకి చాకిరీ. కట్టిన డబ్బు వెనక్కి రాదు కాబట్టి అక్కడే వాళ్ల దగ్గర ఇత్తడి రౌండ్లు వంద కొన్నాను, బయటి ధరకన్నా బాగా ఎక్కువకి. మిగిలిందనుకున్న 120లో అప్పుడే చిల్లు పడింది.

సరే, బయట రేంజ్ ఉందిగా అనుకున్నాను. గంటన్నర డ్రైవ్. అక్కడ ఉక్కు వద్దనే నియమం లేదు, కాకపోతే ఎండాకాలంలో గడ్డి ఎండినప్పుడు వాళ్లూ ఆపుతారట. అది ఊరికే చాదస్తం కాదు. 2013లో అమెరికా ఫారెస్ట్ సర్వీస్ పరిశోధకులు రకరకాల రైఫిల్ బుల్లెట్లని ఉక్కు పలకకి కొట్టి, ముక్కలు ఎండు చెత్తలో పడితే ఏమవుతుందో చూశారు. ఉక్కు భాగాలున్నవీ, పూర్తి రాగివీ సులువుగా నిప్పు పెట్టగలిగాయి. దానికి ముందు ఏడాది, 2012 జూన్‌లో, యూటాలో సారటోగా స్ప్రింగ్స్ దగ్గర పెద్ద కార్చిచ్చు రేగింది కూడా టార్గెట్ ప్రాక్టీస్ చేసేవాళ్ల వల్లే. మన టెక్సాస్‌లో కౌంటీ బర్న్ బ్యాన్ (ఆరుబయట మంట పెట్టకూడదనే నిషేధం) ఉన్న రోజుల్లో అడిగి వెళ్లండి.

ఆ రోజు నాతో మా బామ్మర్ది కూడా వచ్చాడు. మొదటి నూట యాభై రౌండ్లు నా పెట్టెలోవి కాల్చాం. బాగానే పేలాయి, కొంచెం వాసన ఎక్కువ, అంతే. "చూశావా బావా, అనవసరంగా భయపడ్డావు" అన్నాడు. తర్వాత వాడు తెచ్చుకున్న ఇత్తడి రౌండ్ల మ్యాగజైన్ (తూటాలు నింపి రైఫిల్‌కి తగిలించే డబ్బా) పెట్టాం. నాలుగో రౌండుకి ఖాళీ కేసు చాంబర్లో బిగుసుకుపోయింది. ఛార్జింగ్ హ్యాండిల్ (చేత్తో వెనక్కి లాగే పిడి) లాగితే రాదు. బట్ (రైఫిల్ వెనక కొస) నేలకేసి కొడదామని వాడు రైఫిల్ ఎత్తాడు. రేంజ్ ఆఫీసర్ దూరం నుంచే ఒక్క అరుపు అరిచాడు. లోపలున్నది పేలిన కేసో, పేలని రౌండో తేల్చుకోకుండా ఆ పని చేయకూడదట, అదీ రైఫిల్ మూతి ఎటుందో చూసుకోకుండా. ఆయనే మ్యాగజైన్ తీసి, అది ఖాళీ కేసేనని రూఢి చేసుకుని, మూతి వైపు నుంచి కడ్డీతో మెల్లగా తట్టి దాన్ని బయటికి నెట్టాడు. కేసు అంచు చీరుకుపోయి ఉంది. ఖాళీ కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం మూల విరిగింది.

ఇత్తడి మ్యాగజైన్‌లో బిగిసింది కాబట్టి తప్పు ఇత్తడిదేననుకున్నాం. ఆఫీసర్ నవ్వి, చాంబర్లోకి లైటు వేసి చూపించాడు. గోడంతా మసి. ఇత్తడి మెత్తన. పేలగానే ఒత్తిడికి ఉబ్బి చాంబర్ గోడని మూసేస్తుంది, ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని వదులుతుంది. ఉక్కు అంత బాగా సాగదు. గోడకి పూర్తిగా ఆనదు కాబట్టి ఆ సందులోంచి మసి వెనక్కి వచ్చి చాంబర్లో పేరుకుంటుంది. ఉక్కు కేసులు పోతున్నంతసేపూ ఇబ్బంది తెలియదు. ఆ మసి మీదకి ఇత్తడి కేసు వచ్చి ఉబ్బిందా, అతుక్కుంటుంది. కేసు మీది పూత కరిగి అంటుకుంటుందని చెప్పేవాళ్లున్నారు. నా కళ్లతో చూసింది మాత్రం మసే. స్టీల్ కాల్చితే స్టీలే కాల్చండి, ఇత్తడికి మారేముందు చాంబర్ బ్రష్‌తో తోమండి. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా ఎక్స్‌ట్రాక్టర్ దక్కేది.

"ఏకే వాళ్లు దశాబ్దాలుగా స్టీలే కాలుస్తున్నారు కదా" అని అడుగుతారు. నిజమే. ఏకే రైఫిళ్లలో వాడే 7.62×39 కేసు బాగా కోసుగా, ముందుకి సన్నబడుతూ ఉంటుంది, వెంట్రుకవాసి వెనక్కి జరిగితే చాలు గోడని వదిలేస్తుంది. .223 కేసు దాదాపు నిటారు, చివరిదాకా గోడకి రాసుకుంటూనే వస్తుంది. ఆ రైఫిల్ ఆ గుల్ల కోసమే పుట్టింది, మనది ఇత్తడి కోసం పుట్టింది.

ఇంతవరకూ జరిగింది డబ్బు నష్టం. అసలు ఒళ్లు జలదరించింది మూడో వారం.

కొత్త ఎక్స్‌ట్రాక్టర్ వేయించి, చాంబర్ అద్దంలా తోమి, స్టీల్ మాత్రమే పట్టుకుని మళ్లీ వెళ్లాం. మా బామ్మర్ది కాలుస్తున్నాడు. ఢాం ఢాం అని వస్తున్న వరసలో ఒకటి "టప్" మంది. బెండు ఊడిన సీసా చప్పుడు. చాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్ట్ వెనక్కి రాలేదు. తూటా పేలలేదనుకుని అలవాటుగా మ్యాగజైన్ తట్టి, హ్యాండిల్ లాగి వదిలాడు. కొత్త రౌండు లోపలికి వెళ్లిపోయింది. వేలు ట్రిగ్గర్ మీదకి పోతోంది. నేను "ఆగరా!" అని అరిచింది పక్క లేన్ల వాళ్లకి కూడా వినపడి ఉంటుంది, అదీ తెలుగులో.

రౌండు దించి, బోల్ట్ తీసి, బ్యారెల్లోకి (రైఫిల్ గొట్టంలోకి) వెలుతురు పెట్టి చూస్తే అవతల వెలుగు కనబడలేదు. బుల్లెట్ మధ్యలో ఇరుక్కుని ఉంది. దీన్ని స్క్విబ్ అంటారు: మందు లేకపోవడమో, సరిగా అంటుకోకపోవడమో జరిగి ప్రైమర్ బలంతో బుల్లెట్ కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది. చాంబర్ దగ్గరే ఆగితే తర్వాతి రౌండు పట్టదు, అదృష్టం. ఇంకాస్త ముందుకి పోయి ఆగితే కొత్త రౌండు హాయిగా కూర్చుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే బ్యారెల్ పగలొచ్చు. వాడి మొహం అంగుళాల దూరంలో ఉంది. ఆ రాత్రి మా అత్తగారితో ఫోన్‌లో మాట్లాడుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

న్యాయంగా చెప్పాలంటే స్క్విబ్ స్టీల్ కేసుకే అంటిన జబ్బు కాదు, ఇత్తడిలోనూ వస్తుంది. కానీ ఇంటికొచ్చి మిగిలిన రౌండ్లన్నీ దుప్పటి మీద పోసి చూస్తే, కొన్నిటి మెడ దగ్గర తుప్పు చుక్కలు, కొన్ని బుల్లెట్లు మిగతావాటికన్నా లోపలికి దిగిపోయి ఉన్నాయి. ఆ పని వచ్చిన రోజే చేయాల్సింది. చప్పుడు తేడాగా వస్తే మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే రకం కూడా ఉంటుంది. తర్వాత రౌండు దించి బ్యారెల్ చూడకుండా ఇంకోటి ఎక్కించవద్దు. పక్కన కొత్తవాళ్లుంటే ఈ మాట ముందే చెప్పండి.

అమ్మినవాళ్లకి ఫొటోలతో మెయిల్ పెట్టాను. తూటాలు ఒకసారి అమ్మితే వెనక్కి తీసుకునేది లేదనీ, దిగుమతిదారుని అడగండనీ జవాబు. దిగుమతిదారు మర్యాదగానే మాట్లాడి లాట్ నంబర్ (ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు) అడిగాడు. అది పెట్టె మూత మీద ఉంటుంది. నేను రౌండ్లన్నీ ఇనప డబ్బాలో పోసుకుని అట్టపెట్టెలు రీసైకిల్ బుట్టలో వేసి నెల దాటింది! లాట్ నంబర్ లేకపోతే ఫిర్యాదూ లేదు, అది వాళ్ల సరుకే అనడానికి నా దగ్గర రుజువూ లేదు. అందుకే పేర్లు రాయలేదు. మూత ముక్క చించి డబ్బాలో పడేసుకోవడానికి పట్టేది రెండు సెకన్లు.

ఇంకో మాట, బ్యారెల్ అరుగుదల గురించి. కొన్నేళ్ల కిందట అమెరికాలో ఒక తూటాల దుకాణం వాళ్లు ఒకే రకం రైఫిళ్లు నాలుగు తీసుకుని, ఒక్కోదానికి 10,000 రౌండ్లు లక్ష్యంగా పెట్టి కాల్చి చూశారు. బై-మెటల్ కాల్చిన బ్యారెళ్లు 6,000 దరిదాపుల్లోనే అరిగిపోతే, రాగి తొడుగు కాల్చింది చివరిదాకా నిలబడింది. వేగంగా, వేడిగా కాల్చిన పరీక్ష అది, నాలా నెలకి రెండొందలు కాల్చేవాడికి అన్ని రౌండ్లు దాటడానికి ఏళ్లు పడుతుంది. ఎక్కువ కాల్చేవాళ్లకి మిగులు డబ్బుతో కొత్త బ్యారెల్ కొనుక్కోవచ్చనే వాదన ఉంది, ఒకప్పుడు అది గట్టి వాదనే. 2021 సెప్టెంబర్ నుంచి రష్యా తూటాల దిగుమతికి కొత్త అనుమతులు ఆపేశాక స్టీల్ చౌక అనేదే పలచబడింది. పది పన్నెండు సెంట్ల తేడాకి నేనైతే ఇక దీని జోలికి పోను. కొనాలనే ఉంటే ముందు 20 రౌండ్ల పెట్టె ఒకటి తెచ్చుకుని మీ రైఫిల్ తింటుందో లేదో చూసుకోండి. తర్వాతే వెయ్యి.

హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 మీద ఉన్న తమ్ముళ్లు ఈ బేరాల్లోకి రానే వద్దు. ఇమ్మిగ్రెంట్ కాని వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ నేరం. రాష్ట్రం ఇచ్చే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి లాయర్‌ని అడిగి తేల్చుకోవాల్సినవి. స్నేహితుడి డిస్కౌంట్ కోసం మీ పేరు మీద, మీ ఇంటి అడ్రస్‌కి పెట్టె తెప్పించకండి.

చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్పించి, ఐదు ఖాళీ గుల్లలూ చేతిలో పెట్టేదాకా మా హవల్దార్ గారు మమ్మల్ని కదలనిచ్చేవారు కాదు. ఒకటి తగ్గితే గడ్డి దువ్వించి వెతికించేవారు. అప్పుడు తిట్టుకున్నాం. ఈ డిసెంబర్‌లో ఇండియా ప్రయాణం. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాక్‌ప్యాక్‌నే విమానానికీ వాడదామని నిన్న దులిపితే, పక్క జేబులోంచి రెండు ఖాళీ కేసులు, అడుగు కుట్టు సందులోంచి ఒక నిండు రౌండు రాలాయి. శంషాబాద్‌లో స్కానర్ కింద అది బయటపడి ఉంటే ఆయుధాల చట్టం కింద కేసు, పాస్‌పోర్టు, కోర్టు వాయిదాలు. తెలియక వచ్చిందని నిరూపించుకునేలోపు సెలవులు కాదు, ఉద్యోగమే పోతుంది. ఆ బ్యాగు గరాజ్‌లో కొక్కేనికి తగిలించేశాను. ప్రయాణానికి కాస్ట్‌కోలో కొత్తది కొన్నాను, 40 డాలర్లు.