చలికాలపు కొండదారిలో పంచరు: రెండు బసలు, ఒక సహాయ సేవ, ఒక స్టెప్నీ

మూడు రోజుల చలికాలపు కారు ప్రయాణంలో మేము రెండు బసలలో దిగాము, ఒకసారి రోడ్డు సహాయ సేవకు ఫోను చేశాము, రెండు టైర్ల మరమ్మతు కేంద్రాలకు వెళ్ళాము. వీటన్నింటినీ ఒకే కొలతతో తూచవలసి వస్తుందని బయలుదేరేటప్పుడు అనుకోలేదు. ఎడమవైపు వెనుక టైరులో దిగిన ఒక మేకే ఆ కొలత. గదుల సౌఖ్యం, కిటికీలోంచి కనిపించిన దృశ్యాలు ఈ అనుభవంలో వెనక్కి పోవడానికి కారణం అదే.

మొదటి బస లోయలో, నది పక్కన ఉంది. గది వెచ్చగా ఉంది, పరుపు బాగుంది, వేడినీళ్ళకు లోటు లేదు. కారు నిలపడానికి మాత్రం పైకప్పు లేని ఖాళీ స్థలమే ఇచ్చారు. ఆ రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీలకు పడిపోయింది. తెల్లవారి ఇంజను తిప్పగానే, టైర్లలో గాలి తగ్గినట్టు తెలిపే పసుపు దీపం వెలిగింది. గాలి కొలిచే గేజి ఉందా అని బసవారిని అడిగితే, "చలికి అందరికీ వెలుగుతుందండీ, కాస్త దూరం వెళ్తే అదే ఆరిపోతుంది" అన్నారు. మా బావమరిది కూడా, "బావా, చలికి గాలి తగ్గడం మామూలే కదా" అన్నాడు. నేనూ తల ఊపాను.

ఆ మాటలో సగమే నిజం. ఉష్ణోగ్రత సుమారు 5.5 డిగ్రీల సెల్సియస్ తగ్గిన ప్రతిసారీ టైరులో పీడనం 1 పీఎస్ఐ (టైరు గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) వరకు తగ్గుతుంది. మేము 22 డిగ్రీలున్న షెడ్డులో 33 పీఎస్ఐ నింపుకుని బయలుదేరాము కనుక, మైనస్ 8 డిగ్రీల దగ్గర అది దాదాపు 28కి దిగి ఉండాలి. అయితే చాలా కార్లలో ఆ దీపం నిర్ణీత పీడనంలో సుమారు 25 శాతం తగ్గితే గాని వెలగదు. మా కారు విషయంలో అంటే 25 పీఎస్ఐకి దిగువన. చలి ఒక్కటే ఆ దీపాన్ని వెలిగించలేదన్నమాట. పైగా చలి నాలుగు టైర్లలోనూ ఒకేలా గాలి తగ్గిస్తుంది. ఒక్క టైరే మిగిలిన వాటికంటే దిగిపోయిందంటే దానిలో రంధ్రమైనా ఉండాలి, వాల్వు నుంచైనా గాలి పోతుండాలి, లేదా రిమ్ముకూ టైరు అంచుకూ మధ్య సందు ఏర్పడి ఉండాలి. జేబులో పట్టే గేజి ఒకటి ఉంటే రెండు నిమిషాలలో తేలిపోయే విషయం ఇది. నైట్రోజన్ నింపించి ఉంటే ఈ బెడద ఉండేది కాదని మా బావమరిది దారిపొడవునా వాదించాడు గానీ, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. చలికి రెండూ దాదాపు ఒకే విధంగా కుదించుకుపోతాయి.

సుమారు 40 కిలోమీటర్లు ఎక్కిన తరువాత కారు వెనుక భాగం అటూ ఇటూ ఊగసాగింది. ఆగిన చోటు మలుపు, పైగా వాలు. అక్కడే టైరు మార్చడం ప్రమాదమని, హజార్డ్ లైట్లు వేసి, నడక వేగంతో మరో 300 మీటర్లు ముందుకు వెళ్ళి, రోడ్డు వెడల్పుగా, చదునుగా ఉన్న చోట ఆపాము. దీనివల్ల టైరు పాడవుతుందని తెలిసే చేశాము. టైరును కాపాడుకోవడానికి మలుపులో మోకాళ్ళ మీద కూర్చోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

అక్కడి నుంచే రోడ్డు సహాయ సేవకు ఫోను చేశాము. మాట్లాడిన మనిషి మర్యాదగానే మాట్లాడారు. కారు రకం, రంగు, మేమున్న చోటు, స్టెప్నీ ఉందా లేదా అన్నవన్నీ ఓపికగా వ్రాసుకున్నారు. కారులో ఎంతమంది ఉన్నారు, వెచ్చగా ఉండగలరా, ఇంధనం ఎంత ఉంది అని మాత్రం అడగలేదు. ఆ చలిలో మొదట అడగవలసినవి అవే. బండి రావడానికి రెండున్నర గంటలు పట్టవచ్చన్నారు. ఒంటరిగా ఉన్నవారికి, రాత్రివేళ చిక్కుకున్నవారికి, నడుము వంచలేనివారికి ఆ సేవ తప్పక అవసరమే. అటువంటివారు కారులోనే కూర్చుని ఎదురుచూడడం మేలు. ఇంజను నడిపి వెచ్చదనం తెచ్చుకునేవారు ముందుగా పొగగొట్టం చుట్టూ ఉన్న మంచును తొలగించాలి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది, దానికి వాసన ఉండదు. మేము ఇద్దరమున్నాము, పట్టపగలు, నేల చదును. కనుక పిలుపును రద్దు చేయకుండానే పని మొదలుపెట్టాము.

పని అని ఒక్క మాటలో అన్నాను గానీ, వేసవిలో ఇరవై నిమిషాలు పట్టేది ఇక్కడ గంటన్నర దాటింది. కారణం టైరు కాదు, నేల. బండ్లు తొక్కి గట్టిపడిన మంచు మీద జాకీ పెడితే మొదట నిలిచినట్టే నిలిచి, బరువు పడేకొద్దీ పక్కకు జారింది. చక్రం ఇంకా నేల మీదే ఉంది కాబట్టి బ్రతికిపోయాము. తరువాత మంచును మట్టి కనిపించేదాకా గీకి, వెనుక డిక్కీలో అడుగున పరిచి ఉన్న చెక్క పలకను తీసి జాకీ కింద వేసి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్ళు అడ్డం పెట్టాము. చక్రాలే మంచు మీద ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకును నమ్ముకోవడానికి వీల్లేదు.

నట్లను జాకీ ఎత్తకముందే వదులు చేయాలన్నది అందరికీ తెలిసినదే. అవి ఎంతకూ కదలకపోవడానికి చలి కంటే, కిందటిసారి యంత్రంతో బిగించినవారి ఉత్సాహమే ఎక్కువ కారణమని నా అనుమానం. డిక్కీలో వచ్చే పొట్టి పానా చేతి బలానికి లొంగలేదు. దాని పిడిని నేలకు సమాంతరంగా అమర్చి, కారు పట్టుకుని పాదంతో తొక్కితే ఒక్కొక్కటీ కీచుమంటూ వదిలాయి. నట్లన్నీ ఊడిన తరువాత కూడా చక్రం బయటికి రాలేదు, తుప్పు దాన్ని హబ్‌కు, అంటే చక్రం బిగించే మధ్య భాగానికి, అంటించేసింది. అప్పుడు నట్లను రెండు మూడు చుట్లు తిరిగి ఎక్కించి, టైరు ఎడమ కుడి అంచులను మడమతో మార్చి మార్చి తన్నాము. నట్లు లేకుండా తన్ని ఉంటే చక్రం ఊడి కాళ్ళ మీద పడేది, జాకీ కూడా కదిలేది.

చేతుల సంగతి వేరే చెప్పాలి. ఉన్ని తొడుగులతో నట్లు పట్టుబడవు. ఉత్త చేతులతో ఇనుము పట్టుకుంటే పది నిమిషాలలో వేళ్ళు మొద్దుబారతాయి. పలచని రబ్బరు తొడుగులు లోపల, వదులైన ఉన్నివి పైన వేసుకుని, నట్టు ఎక్కించే క్షణంలో మాత్రమే పైవి తీయడం మాకు కుదిరిన పద్ధతి. మోకాళ్ళ కింద కారులోని రబ్బరు పట్టాలు పరుచుకున్నాము.

ఇక మా స్టెప్నీ సన్నని తాత్కాలిక రకం. ఇటువంటి వాటిలో సాధారణంగా 60 పీఎస్ఐ ఉండాలి. ఏళ్ళ తరబడి ఎవరూ చూడకపోవడం వల్ల అది చేత్తో నొక్కితేనే మెత్తగా తగిలింది. కారు ఛార్జరుకు తగిలించే చిన్న గాలి పంపును మా బావమరిది అదృష్టవశాత్తూ తెచ్చాడు. దాన్ని ఇంజను నడుస్తుండగానే వాడాము, ఎందుకంటే చలికి బ్యాటరీ శక్తి ముందే బాగా తగ్గి ఉంటుంది. తాత్కాలిక స్టెప్నీతో గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు, మంచులో జారకుండా చక్రాలకు చుట్టే గొలుసులు సాధారణంగా దానికి వేయకూడదు. మా కారుకు ముందు చక్రాలే లాగుతాయి, గొలుసులు వేయవలసిందీ వాటికే; పంచరయింది వెనుకది కనుక సరిపోయింది. ముందు చక్రమే పోయి ఉంటే, వెనుకనున్న మంచి చక్రాన్ని ముందుకు మార్చి, స్టెప్నీని వెనుక వేసుకోవలసి వచ్చేది; అంటే ఆ చలిలో ఇదంతా రెండుసార్లు.

పని ముగిశాక సహాయ సేవకు ఫోను చేసి పిలుపును రద్దు చేసుకున్నాము. అప్పటికి వారి బండి ఇంకా బయలుదేరలేదు.

మొదటి మరమ్మతు కేంద్రంలో టైరును రిమ్ము నుంచి విప్పకుండానే బయటినుంచి ప్లగ్ గుచ్చి ఐదు నిమిషాలలో పంపిస్తామన్నారు. త్వరగా పోవాలన్న ఆశ మాకూ ఉంది గానీ, గాలి లేకుండా నడిపిన టైరును లోపల చూడకుండా వాడడానికి మనసొప్పలేదు. రెండవ కేంద్రంలో గంటకు పైగా కూర్చోబెట్టారు, కూర్చున్న చోట హీటరు కూడా లేదు. అయినా నా ఓటు వారికే. టైరు విప్పి లోపల రాలిన నల్లని రబ్బరు పొడిని, పక్కగోడ చుట్టూ పడిన చారను చూపించారు. మేకు దిగిన చోటు మామూలుగా అతుకు వేయదగినదే, కానీ పక్కగోడ నలిగాక ఆ అతుకుకు అర్థం లేదని చెప్పి, అదే కొలత, అదే నమూనా టైరు వేశారు. నట్లను నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా, నిర్ణీత బలంతోనే బిగించే టార్కు పానాతో బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్ల తరువాత మళ్ళీ చూసుకోమన్నారు.

రెండవ బస గది చిన్నది, గోడలు పలచన, పక్కగదివారి దగ్గు కూడా వినిపించింది. మొదటి బసతో పోలిస్తే ఏ ఫొటోలోనూ నెగ్గదు. కానీ మేము దిగగానే అక్కడి పెద్దాయన, "ముందు కారును షెడ్డులో పెట్టండి బాబూ, గదికి తరువాత వెళ్దురు గాని" అన్నారు. షెడ్డుకు మూడు వైపుల గోడలు, పైన రేకు, నేల సిమెంటు. గోడకు ఒక పార, రెండు చెక్క దిమ్మలు, గాలి పంపు, దానికి దారంతో కట్టిన గేజి ఉన్నాయి. ఎవరినీ అడగనక్కరలేకుండా వాడుకోవచ్చు. ఇప్పుడు చలికాలంలో బస కుదుర్చుకునేటప్పుడు కారు నిలిపే చోటుకు పైకప్పు ఉందా, నేల గట్టిదా అని ముందే ఫోనులో అడుగుతున్నాను. అవతలివారు కొందరు విసుక్కుంటారు.

మూడవ రోజు ఉదయం బయలుదేరేముందు, ఇంజను తిప్పకముందే అదే గేజితో చూశాము. నాలుగు టైర్లలోనూ దాదాపు ఒకే లెక్క, పసుపు దీపం వెలగలేదు. కుడివైపు ముందు టైరు వాల్వుకు మూత లేదని మాత్రం అప్పుడే గమనించాము. అందులోకి తడి చేరి గడ్డకడితే వాల్వు సరిగా మూసుకోదు. పెద్దాయన షెడ్డు గూటిలోంచి డబ్బా తీసి, వెదికి, నల్లని మూత ఒకటి ఇచ్చారు.